వెనక చూపు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. సంచిక కోసం ఒకటి రెండు వివరాలు చేర్చి రాసి ఇచ్చాను.)



సంఘం కార్యదర్శి నా బెంచీమేటు. నెల క్రితం ఫోన్ చేసి, "పావుగంట మాట్లాడాలిరా. నీ ఉద్యోగం గురించి చెప్పు. పిల్లలకి పనికొచ్చేది చెప్పు. అమెరికా గొప్పలు మాత్రం చెప్పకు" అన్నాడు. సరే అన్నాను. నా ఉద్యోగం ఒక్క మాటలో చెప్పాలంటే, కారుకి వీపు వైపు కళ్లు పెట్టడం. డెట్రాయిట్ దగ్గర పంతొమ్మిదేళ్లుగా కార్ల కెమెరాలు పరీక్షించే పనిలో ఉన్నాను. రివర్సు గేరు వెయ్యగానే తెర మీద వెనక ఉన్నది కనిపిస్తుందే, ఆ కెమెరా; ఈమధ్య కారు లోపలి అద్దం కూడా తెరగా మారిపోతోందే, ఆ అద్దం. ఇవి ఎండలో, వానలో, మంచులో సరిగ్గా పనిచేస్తాయా లేదా అని చూడటమే నా పని.

కానీ వీపు వైపు కళ్లు ఉన్న మనిషిని నేను మొదటిసారి చూసింది డెట్రాయిట్‌లో కాదు, ఇదిగో ఈ కుడివైపు మూడో గదిలో. మా ఫిజికల్ సైన్సు మాస్టారు బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే, "మూడో బెంచీ, చివరి వాడు, ఆ జామకాయ జేబులో పెట్టు" అనేవారు. మాకు వణుకు. మాస్టారికి ఏదో విద్య ఉందని నమ్మేవాళ్లం. పదో తరగతి చివర్లో ఆ రహస్యం బయటపడింది. బోర్డు పైన గాంధీ గారి ఫోటో కాస్త ముందుకి వంచి కట్టి ఉండేది. ఆ ఫోటో అద్దంలో గది మొత్తం కనిపించేది. మాస్టారు రాస్తూ రాస్తూ గాంధీ గారి వైపు భక్తిగా చూసేవారని మేం అనుకునేవాళ్లం. ఆయన చూసేది మమ్మల్ని.

మాస్టారూ, ఎనభై దాటినా ఇవాళ మీరు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను చెప్పేదాంట్లో భౌతికశాస్త్రం తప్పు ఉంటే అక్కడి నుంచే బెత్తం చూపించండి.

1985లో మేం పదో తరగతి రాసినప్పుడు తప్పకుండా వస్తుందని చదువుకున్న ప్రశ్న ఒకటుంది. "వాహనాలలో వెనక వచ్చే వాటిని చూచుటకు కుంభాకార దర్పణమును ఎందుకు వాడుదురు?" జవాబు అందరికీ నోటికి వచ్చు. నిటారైన, చిన్నదైన మిథ్యా ప్రతిబింబం ఏర్పడుతుంది, ఎక్కువ ప్రదేశం కనిపిస్తుంది. ఆ రెండు మార్కుల జవాబు మీదే నేను ఇన్నేళ్లు అన్నం తింటున్నాను. అయితే ఆ జవాబుకి ఒక తోక ఉంది. బొమ్మ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి వెనక బండి ఉన్నదానికంటే దూరంగా ఉందని మనసు పొరబడుతుంది. అమెరికాలో డ్రైవరు వైపు అద్దం సమతల దర్పణమే ఉండాలి. రెండో వైపు కుంభాకారం పెడితే, "కనిపించేవి కనిపించినదానికంటే దగ్గరగా ఉన్నాయి" అని అద్దం మీదే రాయాలి. అంటే ఈ సాధనం నిజం చెబుతూనే కొంచెం మోసం కూడా చేస్తుందని ప్రభుత్వమే అద్దం మీద రాయించిందన్నమాట.

కారుకి అద్దం అన్నది కూడా ఒకప్పుడు కొత్త వస్తువే. 1909లో ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే ఆవిడ, కారు నడిపే ఆడవాళ్ల కోసం రాసిన పుస్తకంలో, చేతి అద్దం ఒకటి దగ్గర ఉంచుకోండి, ఎత్తి పట్టుకుంటే వెనక ఏం వస్తోందో కనిపిస్తుంది అని సలహా ఇచ్చింది. 1911లో అమెరికాలో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెం మొదటిసారి జరిగినప్పుడు, మిగతా కార్లలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చుని వెనక చూసి చెప్పేవాడు. రే హారూన్ ఒక్కడే కూర్చునే కారు తెచ్చి, మనిషికి బదులు అద్దం బిగించాడు. పందెం గెలిచాడు. కానీ ఆ ఇటుకల దారి మీద అద్దం అదురుకి అందులో పెద్దగా ఏమీ కనిపించలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడంటారు. పక్కన కూర్చున్న మెకానిక్ అంటే ఎవరు? మన లారీ క్లీనరే. నూరేళ్ల కిందటే అద్దం వచ్చి క్లీనరు ఉద్యోగం తీసేసింది. ఇప్పుడు తెర వచ్చి అద్దం ఉద్యోగం తీసేస్తోంది.

రివర్సు కెమెరా ఆలోచన కూడా పాతదే. 1956లో బ్యూయిక్ వాళ్లు ప్రదర్శన కోసం చేసిన సెంచూరియన్ అనే కారులో వెనక టెలివిజన్ కెమెరా, ముందు తెర పెట్టారు. మామూలు కార్లలోకి రావడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. తప్పనిసరి కావడానికి మాత్రం ఒక పసివాడి ప్రాణం పోవాల్సి వచ్చింది.

2002లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పిల్లల డాక్టరు తన ఇంటి ముందే పెద్ద కారు వెనక్కి తీస్తున్నాడు. అద్దాలు చూసుకున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. రెండేళ్ల సొంత కొడుకు కారు వెనక ఉన్నాడు. ఎత్తైన కారు కాబట్టి ఏ అద్దంలోనూ అంత చిన్న పిల్లవాడు కనిపించడు. ఆ తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. ఆ తండ్రి, అలాంటి దుఃఖమే పడ్డ ఇంకొందరు తల్లిదండ్రులు కలిసి ఏళ్ల తరబడి పోరాడారు. 2008లో ఆ పిల్లవాడి పేరుతోనే అమెరికాలో చట్టం వచ్చింది. నిబంధన ఖరారు కావడానికి 2014 దాకా పట్టింది. 2018 మే 1 నుంచి అక్కడ తయారయ్యే ప్రతి కొత్త కారుకీ, సుమారు నాలుగున్నర టన్నుల లోపు ప్రతి చిన్న బండికీ వెనక కెమెరా ఉండాలి. కారు వెనక పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు స్థలం తెర మీద కనిపించాలి. రివర్సు వేసిన రెండు సెకన్లలో బొమ్మ రావాలి. ఆ రెండు సెకన్లు కొలవడం నా పనిలో ఒక భాగం.

ఆ నిబంధన తెచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వం చెప్పిన లెక్క ఇది. వెనక్కి వస్తున్న బండ్ల కింద పడి ఏడాదికి సగటున 210 మంది చనిపోతున్నారు, 15,000 మంది గాయపడుతున్నారు. చనిపోయేవారిలో 31 శాతం అయిదేళ్ల లోపు పిల్లలు. 26 శాతం డెబ్బై దాటిన పెద్దవాళ్లు. అంటే సగానికి పైగా మనం చెయ్యి పట్టుకుని నడిపించాల్సినవాళ్లే. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకి వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు. కీ కీ మని అరిచేవి అవే. కెమెరాలు కూడా చాలా కార్లలో వచ్చేశాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వస్తువు వచ్చింది. మనిషి దానికి అలవాటు పడాలి. ఆ అలవాటు పడటం ఎంత కష్టమో, పంతొమ్మిదేళ్లు ఆ పనిలో ఉన్న నాకే నాలుగేళ్ల క్రితం దాకా తెలియలేదు.

నాలుగేళ్ల క్రితం కొత్త కారు కొన్నాను. అందులో లోపలి అద్దం స్థానంలో తెర. అద్దం కింద చిన్న మీట ఉంటుంది. ఇటు తిప్పితే మామూలు అద్దం, అటు తిప్పితే కారు వెనక కెమెరా చూస్తున్నది తెర మీద పడుతుంది. అమెరికాలో ఇలాంటివి 2016 మోడల్ కాడిలాక్ సీటీ6తో అమ్మకానికి వచ్చాయి. దీనివల్ల మేలు లేకపోలేదు. మన తల్లిదండ్రులు అమెరికా వస్తే ఏం తెస్తారో మీకు తెలుసు. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి ఇరవై మూడు కిలోలు, అందులో సగం ఆవకాయ. విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు పెట్టెలు కారు కప్పు దాకా పేరిస్తే మామూలు అద్దంలో పెట్టెలే కనిపిస్తాయి. తెరలో మాత్రం పెట్టెలూ లేవు, వెనక సీట్లో మా అత్తగారి తలా లేదు, రోడ్డంతా శుభ్రంగా కనిపిస్తుంది. రాత్రిపూట వెనక బండి లైట్లు కళ్లలో కొట్టవు.

కానీ మొదటి వారం నాకు తల తిరిగింది. తెర వైపు చూస్తే అంతా మసక. మళ్లీ రోడ్డు వైపు చూస్తే క్షణం పాటు రోడ్డూ మసక. కెమెరా పాడైందేమోనని మా ప్రయోగశాలకి తీసుకెళ్లి పరీక్షించాను. కెమెరా బాగానే ఉంది. పాడైంది నా కళ్లు.

పిల్లలూ, ఇక్కడ మీ పాఠం ఉంది, వినండి. సమతల దర్పణంలో ప్రతిబింబం ఎక్కడ ఉంటుంది? వస్తువు అద్దానికి ముందు ఎంత దూరంలో ఉంటే, అద్దం వెనక అంత దూరంలో. అంటే నా వెనక ఇరవై మీటర్ల దూరంలో లారీ ఉంటే, అద్దంలో దాన్ని చూసేటప్పుడు నా కన్ను ఇరవై మీటర్ల పైబడిన దూరాన్నే చూస్తోంది. రోడ్డు చూసే కన్ను, అద్దం చూసే కన్ను ఒకే దూరపు చూపులో ఉంటాయి. తెర అలా కాదు. బొమ్మ ఆ గాజు మీదే ఉంది. నా ముఖానికి రెండడుగులో, కాస్త ఎక్కువో. అంటే రోడ్డు నుంచి తెరకి చూపు మార్చిన ప్రతిసారీ కన్ను దూరపు చూపు నుంచి పుస్తకం చదివే చూపుకి మారాలి. మీ వయసులో కంటి కటకం ఆ పని ఇట్టే చేసేస్తుంది. నలభై దాటాక చెయ్యదు. అందుకే దానికి మన పెద్దలు చత్వారం అని పేరు పెట్టారు.

ఇంకో చిక్కుంది. నాలాగా కళ్లద్దాల్లో పైన దూరానికి, కింద దగ్గరికి అని రెండు చూపులు ఉన్నవాళ్లకి, చదివే చూపు కింది భాగంలో ఉంటుంది. ఈ తెర చూస్తే పైన ఉంది. దాన్ని స్పష్టంగా చూడాలంటే గడ్డం పైకెత్తి, కళ్లద్దాల అడుగు నుంచి చూడాలి. నేను నిమిషానికోసారి అలా గడ్డం ఎగరేస్తుంటే మా ఆవిడ, "ఎవరినండీ అలా రమ్మంటున్నారు?" అంది. కెమెరాకి వందల పరీక్షలు పెట్టాం. మా బల్ల దగ్గర కూర్చుని చూసినవాళ్లు ఎక్కువమంది ముప్ఫై ఏళ్ల లోపు కుర్రవాళ్లు. వాళ్లకి ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఆ పొరపాటులో నా వాటా కూడా ఉంది. తర్వాత నుంచి యాభై దాటినవాళ్లని, రెండు చూపుల కళ్లద్దాలవాళ్లని పరీక్షలకి పిలవాలని పట్టుబట్టాను.

తెలిసినవాళ్లని అడగడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరిది ఒక్కో అనుభవం. డాలస్‌లో ఉన్న మిత్రుడు రాత్రి వెళ్తుంటే తెరలో వెనక లైట్లు టపటపా కొట్టుకుంటున్నాయట. పోలీసులనుకుని గుండె ఝల్లుమని పక్కకి తీసి ఆపాడు. వెనక బండి హాయిగా దాటిపోయింది. అది మామూలు కారే. ఈ కాలపు ఎల్‌ఈడీ లైట్లు చాలావరకు మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. కెమెరా బొమ్మలు బొమ్మలుగా తీస్తుంది కాబట్టి ఆ రెండింటికీ పొత్తు కుదరక తెరలో మిణుకుమంటాయి. ఇంకొకావిడకి వెనక సీట్లో చంటిపిల్లని చూసుకోవడం పోయిందని బాధ. అద్దంలో పిల్ల కనిపించేది, తెరలో కారు లోపలిదేమీ కనిపించదు. మరొకాయన, తల పక్కకి జరిపితే అద్దంలో ఇంకాస్త కనిపించేది, తెరలో ఎంత జరిగినా అదే బొమ్మ అన్నాడు. మిషిగన్ చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు, మంచు బురద కెమెరాకి అంటుకుని తెర గుడ్డిదైపోతుంది. మన ఊళ్లో వానాకాలం అదే పని మన బురద చేస్తుంది.

ఇక్కడ హైదరాబాద్‌లో నన్ను విమానాశ్రయం నుంచి తీసుకొచ్చిన కారు డ్రైవరు తమ్ముడు చెప్పిన మాట నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. "సార్, కెమెరా ఉన్న బండి నాలుగేళ్లు తోలిన. మొన్న మా బావ పాత బండి తీసుకుని రివర్సు వేస్తే, మెడ వెనక్కి తిప్పాలని యాదికే రాలే. తెర ఎక్కడుందా అని ఎతికిన" అన్నాడు. అలవాటు పడటం ఒక కష్టం. బాగా అలవాటు పడిపోవడం ఇంకో ప్రమాదం.

ఆ ప్రమాదం నా చేతుల మీదుగానే వచ్చింది. ఈ సంగతి సభలో చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. చెబుతాను.

రెండేళ్ల క్రితం సంక్రాంతికి ఊరొచ్చాను. భోగి మర్నాడు పొద్దున మా అన్నయ్య కారు తీసుకుని బజారుకి బయల్దేరాను. కారు ముఖం ఇంటి వైపు ఉంది. గేటు వెనక, కొంచెం కుడి పక్కకి. రివర్సు వేశాను. తెర వచ్చింది. గీతలు వచ్చాయి. వెనక తులసికోట ఉండటంతో సెన్సారు కీ కీ మని అరుస్తోంది. తులసికోట తగలకూడదని నా కళ్లు తెరకి అతుక్కుపోయాయి. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి మెల్లగా వెనక్కి తీస్తున్నాను. వెనక అంతా ఖాళీ. నా కెమెరా నాకు అబద్ధం చెప్పలేదు.

ఇంతలో డిక్కీ మీద ధనామని చరుపు. "ఆపరా!" అని కేక. మా చిన్నాన్న. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. బ్రేకు తొక్కాను. దిగాను. ఎడమ ముందు చక్రం పక్కన, బానెట్ కింద కనిపించనంత తగ్గుగా, మా అన్నయ్య మనవరాలు గొంతుక్కూర్చుని ముగ్గులో నుంచి చెదిరిన బంతిపూలు ఏరుకుంటోంది. నాలుగేళ్ల పిల్ల. చక్రానికీ పిల్ల పాదానికీ మధ్య జానెడు.

ఇందులో ఇంజనీరింగు పెద్దగా లేదు. బండి వెనక్కి వెళ్తూ కుడికి తిరుగుతుంటే, ముందు భాగం ఎడమకి ఊడ్చుకుంటూ వస్తుంది. స్టీరింగ్ కుడివైపు ఉన్న మన బండిలో ఎడమ ముందు చక్రం డ్రైవరుకి అన్నిటికంటే దూరం, అన్నిటికంటే మరుగు. వెనక కెమెరా ఆ మూలని చూడనే చూడదు. ఇది నాకు తెలియక కాదు. తెలిసింది, ఆ క్షణంలో గుర్తు లేదు. తెర వెలుగుతుంటే నా చూపంతా అదే లాగేసుకుంది. పాప లేచి, దోసిట్లో పూలు చూపించి, లోపలికి పరిగెత్తింది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. చిన్నాన్న పక్కన కూర్చుని తిట్టలేదు. "కెమెరా వెనక్కి చూస్తుందిరా. బండి నాలుగు వైపులా కదులుతుంది" అన్నాడు, అంతే. ఆ సంగతి పాప తల్లికి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

చిన్నాన్న రోజుల్లో బస్సు వెనక్కి తియ్యాలంటే కండక్టరు దిగి తీరేవాడు. "రానీ... రానీ... రైట్ కొట్టు... హోల్డాన్!" చిన్నప్పుడు మన బస్టాండులో ఆ కేక, బస్సు రేకు మీద చేత్తో ఆ చరుపు ఎన్నిసార్లు విన్నాం! అది సెన్సారే. కానీ ఆ సెన్సారు బస్సు చుట్టూ నడిచేది, పిల్లల్ని పక్కకి తోలేది, ముసలమ్మ చెయ్యి పట్టుకునేది, డ్రైవరు తప్పు చేస్తే తిట్టేది. నా కెమెరా చూపిస్తుంది గానీ, నేను చూశానో లేదో దానికి పట్టదు.

నేను కెమెరాలకి వ్యతిరేకిని కాను. నా కూడు అదే. ఆ డాక్టరు కారుకి కెమెరా ఉండి ఉంటే ఆ పసివాడికి బతికే అవకాశం ఉండేది. అందుకని కెమెరా ఉన్న బండి ఉన్నవాళ్లందరికీ, నా అనుభవం నుంచి, కొన్ని మాటలు.

మొదటిది, బండి ఎక్కే ముందు దాని చుట్టూ ఒకసారి నడవండి. ఇది పది సెకన్ల పని. తెర వచ్చేది ఇంజను వేశాక. పిల్లలు బండి పక్కన కూర్చునేది అంతకు ముందే.

రెండవది, ఇంట్లో చిన్న పిల్లలుంటే, బండి కదిలేటప్పుడు ఆ పిల్ల ఫలానా పెద్దమనిషి చేతిలో ఉంది అని మీ కళ్లతో చూశాకే కదపండి. "లోపలే ఉన్నట్టుంది" అన్న మాట మీద కదపవద్దు.

మూడవది, వెనక్కి తీసేటప్పుడు తెరని అదే పనిగా చూడకండి. తెర, కుడి అద్దం, ఎడమ అద్దం, ముందు రెండు మూలలు, మళ్లీ తెర. చూపు తిరుగుతూ ఉండాలి. మనిషి నడిచే వేగం దాటవద్దు. పాటలు ఆపి, కిటికీ అద్దం దించండి. ఎవరైనా కేకేస్తే వినపడాలి. చిన్నాన్న కేక నాకు వినపడింది కిటికీ దించి ఉండబట్టే.

నాలుగవది, తెర మీద రంగు గీతలని కళ్లు మూసుకుని నమ్మకండి. ఒక ఆదివారం ఖాళీ స్థలంలో ఖాళీ నూనె డబ్బా ఒకటి వెనక పెట్టి, ఎర్ర గీతకి తగిలే చోట ఆపి, దిగి అడుగులతో కొలుచుకోండి. ఒక్కో కారుకి ఒక్కో కొలత. ఇంకో సంగతి, ఆ గీతలు నేల చదునుగా ఉందనుకుని గీసినవి. వెనక నేల ఎత్తుగా ఉంటే అక్కడున్న వస్తువు నిజంగా ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. నేలకి తగలకుండా గాలిలో పొడుచుకొచ్చినవి కూడా అంతే. లారీ వెనక వేలాడే ఇనప చువ్వలు, ట్రాక్టరు ట్రక్కు అంచు, ఇవి గీతకి అవతల ఉన్నట్టు కనిపించి మీ అద్దం పగలగొడతాయి.

అయిదవది, వారానికోసారి తడి గుడ్డతో కెమెరా తుడవండి. వానాకాలం రోజూ తుడవండి. దానికి రెప్ప లేదు, మనమే తుడవాలి.

ఆరవది, లోపలి అద్దం తెరగా ఉన్న బండి కొన్నవాళ్లు, ముఖ్యంగా నా వయసువాళ్లు, మొదట పగటిపూట, తెలిసిన రోడ్డు మీద అలవాటు చేసుకోండి. రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికీ మసకగా ఉంటే మొహమాటపడకండి, మీట తిప్పి మామూలు అద్దం చేసుకోండి. అది ఓటమి కాదు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, "పుస్తకం చదువుతాను" అని మాత్రమే కాదు, "ఇంత దూరంలో, ఇంత ఎత్తులో తెర చూడాలి" అని కూడా చెప్పండి.

ఇక పక్క అద్దాలు కూడా తీసేసి కెమెరాలు పెట్టడం మొదలైంది. జపాను 2016లో ఒప్పుకుంది. 2018లో లెక్సస్ ఈఎస్ కారుకి అక్కడ పెట్టారు. అమెరికాలో నిబంధన ఇప్పటికీ ఒప్పుకోలేదు. అవి మన రోడ్ల మీదికి ఎక్కువగా వచ్చేసరికి, ఇక్కడ కూర్చున్న పిల్లల్లో కొందరు ఇంజనీర్లై ఉంటారు. మీకు నాదొక్క విన్నపం. మీరు చేసిన వస్తువుని మీ వయసువాళ్ల చేత మాత్రమే పరీక్షింపజెయ్యకండి. మీ తాతగారి చేతికిచ్చి పక్కన కూర్చోండి.

చివరగా, కార్యదర్శి గారు అడగని సంగతి ఒకటి. నిన్న ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మన బడి గేటు దగ్గర నిలబడ్డాను. మా రోజుల్లో అందరం నడిచే వచ్చేవాళ్లం, కొందరికి సైకిళ్లు. ఇప్పుడు ఆటోలు, వ్యాన్లు, కార్లు. గేటు ఒకటే. లోపలికొచ్చిన బండి వెనక్కి తిప్పుకుంటే తప్ప బయటికి పోలేదు. ఆ గంటలో పదకొండు బండ్లు పిల్లల మధ్య నుంచి రివర్సు చేశాయి. వాటిలో మూడింటికే వెనక ఒక మనిషి నిలబడి చెప్పాడు. మిగతా ఎనిమిదింటి డ్రైవర్లలో అద్దం చూసినవాళ్లున్నారు, తెర చూసినవాళ్లున్నారు, ఫోను చూసినవాడు ఒకడున్నాడు.

ప్రమాదాన్ని చూపించే సాధనం కంటే, ప్రమాదమే లేకుండా చేసే ఏర్పాటు మేలు. ఇది మా వృత్తిలో మొదటి పాఠం. చెరువు రోడ్డు వైపు గోడకి రెండో గేటు పెడితే, బండి ఇటు వచ్చి అటు పోతుంది. బడి ఆవరణలో ఎవరూ వెనక్కి తియ్యనక్కరలేదు. కెమెరా ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. గేటు, గోడ, లోపలి దారికి అయ్యే ఖర్చు మా 1985 బ్యాచ్ పెట్టుకుంటుంది. రాత్రే కూర్చుని అనుకున్నాం. అనుమతుల పని ప్రధానోపాధ్యాయులు, సంఘం పెద్దలు చూడాలి. అది పూర్తయ్యేదాకా, రోజూ ఆ గంట సేపు జీతానికి ఒక పెద్దమనిషిని గేటు దగ్గర నిలబెడదాం. పిల్లల్ని మాత్రం ఆ పనికి పెట్టవద్దు. మా చిన్నాన్న, మొదటి నెల నేనే నిలబడతాను, జీతం వద్దు అన్నాడు. ఈల కూడా కొనుక్కున్నాడు.

మాస్టారూ, మీ గాంధీ గారి ఫోటో గురించి ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. అద్దంలో నేను మిమ్మల్ని చూడగలిగితే మీరూ నన్ను చూడగలరు, కాంతి కిరణం వచ్చిన దారినే తిరిగి పోతుంది అని మీరే చెప్పారు. రహస్యం తెలిసిన తర్వాత మేమూ ఆ ఫోటోలోకి చూసేవాళ్లం. మీ కళ్లు కనిపించేవి. మీరు చూస్తున్నారని మాకు తెలిసేది, మేం చూస్తున్నామని మీకు తెలిసేది, జామకాయ దానంతట అదే జేబులోకి పోయేది. తెరలో ఆ ఒక్కటి లేదు. రోడ్డు మీద నిలబడ్డ పిల్లకి డ్రైవరు కళ్లు అందులో కనిపించవు. అందుకే ఇప్పుడు నేను బండి తీసే ముందు దిగి, చుట్టూ నడిచి, అక్కడ ఎవరున్నా వాళ్ల కళ్లలోకి చూసి, "వెనక్కి తీస్తున్నాను" అని చెప్పి ఎక్కుతున్నాను.

ఇవాళ సభ అయ్యాక ఈ మైదానంలోంచి నలభై, యాభై కార్లు వెనక్కి తీస్తారు. పిల్లలు బెలూన్ల కోసం వాటి మధ్యే తిరుగుతుంటారు. దయచేసి తొందరపడకండి. మా చిన్నాన్న ఈల వినపడితే ఆగండి.